మార్త మేడం మీటరులో మైనస్

ఎలక్ట్రికల్ ప్రొఫెసర్ అంటే చుట్టాల్లో ఎవరికైనా ఒకటే అర్థం: ఇంట్లో ఇన్వర్టర్ చెడిపోతే ఫోన్ చెయ్యాల్సిన మనిషి. మార్తకి ఈ ఫోన్లు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వస్తున్నాయి. ఫ్యాను గుయ్యిమంటోందని ఒకరు, ఏసీ వెయ్యగానే ఎంసీబీ పడిపోతోందని ఒకరు. నేను చేసేది అది కాదండీ, సెమీకండక్టర్ మెటీరియల్స్ అని మొదట్లో ఓపిగ్గా చెప్పేది. విన్నవాళ్లు అదేలెండి అని మళ్లీ ఫ్యాను దగ్గరికే వచ్చేవారు. తర్వాత్తర్వాత వివరించడం మానేసి, కెపాసిటర్ మార్పించండి అని ఫోన్ పెట్టేసేది. ఒళ్లు మండే సంగతేమిటంటే, ఎప్పుడూ అది కెపాసిటరే.

ఫ్యాన్లూ మోటార్లూ ఆమెకి తెలియనివి కావు. తండ్రి శౌరయ్యకి ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ షాపు ఉండేది. రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన, కాలిపోయిన మోటారు పట్టుకుని పొలం నుంచి వచ్చిన రైతు తొందర, వీటి మధ్యనే ఆమె హోంవర్కు చేసుకుంది. శౌరయ్య ఆదివారం గుణదల చర్చి తప్పేవాడు కాదు. అయినా దసరాకి షాపులో పనివాళ్లు మిషన్ కడిగి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడుతుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ రోజు ఆటోనగర్‌లో కాయ కొట్టని షెడ్డు ఉండదు, యజమాని ఏ దేవుడికి మొక్కినా సరే. చిన్న మార్తకి దేవుళ్ల సంగతి పట్టలేదు. బెల్లం ముక్కతో చేతిలో పెట్టే కొబ్బరి ముక్క పట్టింది. అందుచేత, తర్వాత ఆమె జీవితంలో రేగిన కొబ్బరికాయ గొడవని మతం గొడవ అనుకున్నవాళ్లకి ఆమె గురించి బొత్తిగా ఏమీ తెలియదని ముందే చెప్పెయ్యాలి.

మద్రాసులో పీహెచ్‌డీ చేసి, ఉయ్యూరు రోడ్డులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. రీసెర్చి ల్యాబు ఇస్తామన్నారు. ఇచ్చారు, జనరేటర్ గది పక్కన. జనరేటర్ మొదలైతే బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికేవి. ఎండాకాలం కరెంటు పోయేది. వానాకాలం డెల్టా చెమ్మ గోడల్లోంచి లోపలికొచ్చి, ఆరబెట్టిన ప్రతిదాన్నీ తడిపేది. ఢిల్లీ చుట్టూ కాగితాలు తిప్పి తిప్పి గ్రాంటు తెచ్చి ఫర్నేస్ కొన్నది. కాలేజీ ఛైర్మన్ సత్యం గారు వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇందులో ఏం వండుతారమ్మా అని అడిగారు. వెనకాల ఉన్నవాళ్లంతా నవ్వారు. మార్త కూడా నవ్వాల్సి వచ్చింది.

ఇంకో నరకం మే నెలలో. ఇంటర్ ఫలితాలు రాగానే లెక్చరర్లందర్నీ ఊళ్ల మీదకి తోలేవారు, పిల్లల్ని చేర్పించుకు రమ్మని. ప్రొఫెసరైనా మినహాయింపు లేదు. మార్తకి ఎప్పుడూ హనుమాన్ జంక్షన్ వైపే పడేది. బ్రోచర్ల కట్ట చంకన పెట్టుకుని, ఎండలో ఇల్లిల్లూ తిరిగి, చల్లటి మజ్జిగ తాగి, హాస్టల్ సాంబారు బాగానే ఉంటుందని ముక్కూ మొహం తెలియని తల్లులకి భరోసా ఇచ్చేది. తెల్లారి ఫర్నేసులో పెట్టాల్సిన శాంపిల్ పెట్టకుండా వచ్చానే అని దారంతా సణుక్కునేది.

ఆమె వెతుకుతున్నది పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. జింక్ ఆక్సైడ్. దద్దుర్లకి రాసుకునే గులాబీరంగు లోషన్‌లో ఉండే తెల్లపొడి అదే. దాన్ని గాజు మీద పలచటి పొరగా వేసి కాలిస్తే కరెంటు మోస్తుంది. ఇలా మోసేవాటిలో రెండు రకాలు. ఎలక్ట్రాన్ల మీద నడిచేది ఒకటి, ఎలక్ట్రాన్లు లేని ఖాళీల మీద నడిచేది ఇంకొకటి. రెండింటినీ అతికిస్తేనే ఎల్‌ఈడీ వెలుగుతుంది. జింక్ ఆక్సైడ్ మొదటి రకంగా అడక్కుండానే వస్తుంది. రెండో రకంగా రమ్మంటే మొండికేస్తుంది. దేశదేశాల వాళ్లు దీంతో తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఏ రకమో పట్టుకోవడం మాత్రం చాలా తేలిక. పొర మీద ఒక పక్క సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసిన మొన, ఇంకో పక్క చల్లటి మొన పెట్టి మీటరు చూడాలి. ప్లస్ చూపిస్తే మొదటి రకం, మైనస్ చూపిస్తే రెండో రకం. మార్త జుట్టు తెల్లబడేదాకా ఆ మీటరు ప్లస్ తప్ప చూపించలేదు.

ఆ ల్యాబుకి అటెండరు హరిబాబు. ఫర్నేసుతో పాటే వచ్చాడు. దాన్ని సొంత బండి తుడుచుకున్నట్టు తుడుస్తాడు. దసరా సెలవులకి ముందు కాలేజీలో ఆయుధపూజ చేస్తారు, బస్సుల నుంచి కంప్యూటర్ల దాకా దేన్నీ వదలరు. హరిబాబు కూడా బల్ల మీద కొత్త తువ్వాలు పరిచి ల్యాబు సామానంతా పేర్చేవాడు. మీటరు, పట్టకారు, పొరల్ని ఫర్నేసులోకి పంపే బోటు. బోటంటే అరచేతిలో పట్టే చిన్న తొట్టి, క్వార్ట్జ్‌తో చేస్తారు. అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టేవాడు.

ఈ పనిలో వేలిముద్ర పడితేనే పొర పాడవుతుంది, ఇక పసుపు సంగతి చెప్పాలా? మార్తకి ప్రాణం ఉసూరుమనేది. కానీ నోరు పెగిలేది కాదు. తన పేరు మార్త. పూజ వద్దని తను అంటే అది సైన్సు మాటగా ఎవరికీ వినపడదు. స్టాఫ్ రూములో మాటలు ఎలా పుడతాయో, సాయంత్రానికి ఎంత పెరుగుతాయో ఆమెకి బాగా తెలుసు. అందుకని సెలవుల తర్వాత అందరికంటే ముందొచ్చి, ఎవరూ చూడకుండా బోటుని యాసిడ్‌తో కడిగి పెట్టేసేది. సొంత ల్యాబులో దొంగలా ఈ బతుకేమిటని తిట్టుకుంటూ కడిగేది.

ఒక ఏడు ఇక ఓపిక చచ్చిపోయి సగం మాట చెప్పింది. వస్తువుల మీద బొట్లు పెట్టొద్దు హరిబాబూ, మరకలు పడుతున్నాయి అంది. అసలు కారణం మరకలు కాదు, కానీ మరకలంటే ఎవరి మనసూ నొచ్చదు. హరిబాబు అట్టాగేనండీ అన్నాడు. ఆ దసరా పూజ జరిగేటప్పుడు ఆమె ఛైర్మన్ గదిలో అక్రెడిటేషన్ ఫైళ్ల మధ్య ఇరుక్కుపోయింది. సెలవుల తర్వాత వచ్చి చూస్తే బోటు తళతళలాడుతోంది, బొట్టు జాడ లేదు. మాట విన్నాడు పాపం అని ముచ్చటపడి ఆ ఏడు కడగలేదు.

ఆ బోటులో కాల్చిన మొదటి పొరకే మీటరు మైనస్ చూపించింది.

చూసింది అక్షయ. ఆమె అదే కాలేజీలో పాఠాలు చెబుతూ మార్త దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది, రోజూ గుడివాడ నుంచి బస్సులో వస్తుంది. మార్త నమ్మలేదు. వైర్లు తిరగేసి పెట్టావు, చూసుకో అని కసిరింది. తిరగేసి లేవు. బ్యాటరీ మార్చారు, మీటరు మార్చారు, ఇంకో పొర కాల్చారు. మైనసే. హైదరాబాదులో తెలిసినవాళ్లున్న యూనివర్సిటీకి పంపి కొలిపిస్తే వాళ్లూ అదే చెప్పారు. ఆ రోజు మార్త ఫర్నేస్ తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. నాన్న ఉంటే బాగుండేదనిపించింది.

పేపరు మంచి జర్నల్‌లో పడింది. కాలేజీ గేటు పక్కన ఫ్లెక్సీ లేచింది. మార్త ఫొటో చిన్నది, సత్యం గారి ఫొటో పెద్దది, మధ్యలో ఏ సంబంధమూ లేని కంప్యూటర్ చిప్పు బొమ్మ. ఆ మే నెలలో హనుమాన్ జంక్షన్ బ్రోచర్లో కూడా అదే బొమ్మ వేశారు.

సరిగ్గా ఆ ఎండల్లోనే మైనస్ నీరసించడం మొదలైంది. పొర తర్వాత పొరకి కాస్త కాస్త తగ్గి, వానలు పడేసరికి మళ్లీ ప్లస్ అయి కూర్చుంది. ఏం చేసినా రాలేదు. పొడి మార్చారు, గ్యాస్ సిలిండర్ మార్చారు. జనరేటర్ని తిట్టారు, చెమ్మని తిట్టారు. బోటు మరీ మసకబారిందని హరిబాబు చేత యాసిడ్‌తో శుభ్రంగా కడిగించారు, అయినా లాభం లేకపోయింది. నీ చెయ్యి నిలకడగా లేదని మార్త ఒకసారి అక్షయని తిట్టింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని బస్సెక్కి వెళ్లిపోయింది. కొరియా నుంచి ఒక ప్రొఫెసర్ మర్యాదగా మెయిల్ రాశాడు, మీరు చెప్పినట్టే చేశాం, మాకు రావడం లేదు, ఏమైనా వదిలేశారా అని. ఆ మర్యాదకే మార్త గుండెల్లో రాయి పడింది. మైనస్ తిరిగి రాకపోతే పేపరు అబద్ధం. అక్షయ థీసిస్ మొత్తం ఆ అబద్ధం మీదే టైపయి ఉంది.

మళ్లీ దసరా వచ్చింది. ఆ పూజ వేళకి మార్త ల్యాబులోనే ఉంది, పూజ కోసం కాదు, ఎటూ వెళ్లబుద్ధి కాక. హరిబాబు తువ్వాలు పరిచాడు, సామాను పేర్చాడు. మాట ప్రకారం దేనికీ బొట్టు పెట్టలేదు. గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు గ్లాసులో పట్టి, బంతిపువ్వుతో ఒక్కోదాని మీదా చల్లుకుంటూ వచ్చాడు. బోటు దగ్గర కాసేపు ఆగి, మేడం గారికి ముఖ్యమైంది కదా అని, రెండో విడత కూడా చల్లాడు.

మార్త కుర్చీలోంచి లేచింది. పోయిన ఏడు కూడా ఇలాగే చల్లావా అని అడిగింది. చల్లానన్నాడు. బొట్లు వద్దన్నారుగదండీ, నీళ్లయితే మరక పడదు, పూజా మానినట్టు ఉండదు అని. తర్వాత కడిగావా అంటే అతను వింతగా చూశాడు.

“పూజ చేసిన వస్తువుని ఎంటనే ఎవరన్నా కడుగుతారా అండీ? పొడిగుడ్డతో తుడిచి లోపల పెట్టా.”

మార్త బోటు కోసం చెయ్యి చాపింది. హారతి కాలేదండీ అన్నాడు. హారతి అయ్యేదాకా నిలబడింది. ఆ కర్పూరం ఎంతకీ ఆరదేమని పళ్లు కొరుక్కుంది. ఆరగానే బోటు తీసుకుని, పొర పెట్టి, ఫర్నేసులోకి తోసింది. కాలి చల్లారాక మొనలు ఆనించింది.

మైనస్.

కొబ్బరినీళ్ల నిండా పొటాషియం. అది వేడికి పొరలోకి ఎక్కి, కావలసిన ఖాళీలు పుట్టించింది. రోజులు గడిచి బోటులో అరిగిపోయేకొద్దీ మైనస్ తగ్గింది. ఇంత సులువైన సంగతి! ఏడవాలో నవ్వాలో తెలియక కుర్చీలో కూలబడింది. నిజం దొరికింది. కానీ ఆ నిజం తన పేపర్లో లేదు. చేసినదొకటి, చేశానని రాసినదొకటి. ఇప్పుడు ఆ పేపర్ని వెనక్కి తీసుకోవాలి.

అక్షయకి చెబితే ఆమె మొహం పాలిపోయింది. ఇది మన ముగ్గురికే తెలుసు కదా మేడం అంది. థీసిస్ ఇచ్చేశాక నెమ్మదిగా రాద్దామంది. ఆమెకి ఇద్దరు పిల్లలు, రోజూ గుడివాడ బస్సు, ఈ డాక్టరేట్ వస్తే తప్ప జీతం కదలదు. మార్తకి ఆమె మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది, కొబ్బరికాయ మీద వచ్చింది, లోకం మీద వచ్చింది. కుదరదమ్మా అని మాత్రం అంది. అక్షయ కొన్నాళ్లు ల్యాబు గడప తొక్కలేదు.

ఛైర్మన్‌కి చెప్పడం ఇంకో ప్రహసనం. పేపరు వెనక్కి అనగానే సత్యం గారి మొహం మాడింది. కొబ్బరినీళ్లు అనగానే వెలిగిపోయింది. చేతులెత్తి గుడి ఉన్న కొండ వైపు దణ్ణం పెట్టి, అంతా అమ్మవారి దయమ్మా, రేపే ప్రెస్‌మీట్ పెడదాం అన్నారు. మార్త పొటాషియం గురించి చెప్పింది. ఆయన విన్నారు. విని, ఆ పొటాషియం కాయలో పెట్టిందెవరమ్మా అన్నారు. ఇంటికొస్తే చెల్లెలు స్టెల్లా ఫోన్ చేసి, నీ కోసం గుణదల మాతకి మొక్కుకున్నానక్కా, ఇది ఆ తల్లి చేసిందే అంది. ఇద్దరికీ కలిపి ఒకేసారి కెపాసిటర్ మార్పించండి అని చెప్పాలనిపించింది మార్తకి.

ప్రెస్‌మీట్ పెట్టనివ్వలేదు. పెడితే తానే మైకు తీసుకుని పేపరు తప్పని చెబుతానంది. సత్యం గారు మరి ఆమెని పలకరించలేదు. మార్త జర్నల్‌కి ఉన్నది ఉన్నట్టు రాసింది: ల్యాబు ఆచారంలో భాగంగా బోటు మీద కొబ్బరినీళ్లు పడ్డాయని, ఆ సంగతి తమకి తెలియదని, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని. వాళ్లు ఆమె పేరు పక్కన, వెనక్కి తీసుకున్న పేపరన్న ముద్ర వేశారు. ఇన్నేళ్ల పనిలో పదిమందికీ కనపడింది ఆ ఒక్క పేపరే, ఇప్పుడు దాని మీద అడ్డంగా ఎర్ర అక్షరాలు. కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని చూసి ఏడ్చింది.

స్టాఫ్ రూములో ఆమె భయపడిన మాట పుట్టనే పుట్టింది. పూజ ఆపించడానికి ఆ మేడం ఇన్నాళ్లు కాచుకుని ఉందని. అది హరిబాబు చెవిన కూడా పడింది. అతను ల్యాబు లోపలికి రావడం మానేసి వరండాలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పిలిస్తే వస్తాడు, పని చేస్తాడు, మళ్లీ బయటికి పోతాడు. మార్త భరించలేక ఒకరోజు తనే వరండాలోకి వెళ్లింది. తప్పు నీది కాదు హరిబాబూ, అసలు కారణం ఆ రోజే చెప్పాల్సింది, నేనే చెప్పలేదు అంది.

“చెప్తే మానేసేవాణ్ణి గదండీ,” అన్నాడతను. “నీళ్లు కూడా వద్దు, పని చెడుద్దంటే నేను చల్లుతానా?”

“నువ్వేమనుకుంటావోనని.”

హరిబాబు ఆమె వైపు చూడకుండా అన్నాడు. “ఇన్నేళ్లు ఒక గదిలో పనిచేశాం. నేను అట్టా అనుకునే మనిషినని మీరనుకున్నారా అండీ?”

 లోకమంతా తనని అపార్థం చేసుకుంటోందని ఇన్నాళ్లూ విసుక్కున్న మార్త, పక్కనే ఉన్న ఒక్కణ్ణి తనెలా అర్థం చేసుకుందో అప్పుడే చూసుకుంది. సిగ్గేసింది. అతని స్టూలు పక్కనే మెట్టు మీద కూర్చుంది. జనరేటర్ మొదలైంది కాబట్టి మాట్లాడాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఆ వారంలోనే కొరియా ప్రొఫెసర్ మళ్లీ రాశాడు. మీరు నిజం రాసినందుకు కృతజ్ఞతలు, ఒక్కటే సందేహం అన్నాడు: కొబ్బరికాయ లేతదా, ముదురుదా? మార్త ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివింది. అమ్మవారనకుండా, మాత అనకుండా, మతం అనకుండా, అడగాల్సిన ప్రశ్న అడిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడున్నాడు. హరిబాబుకి చెబితే, ముదరకాయండీ, పూజకి లేతవి పనికిరావు అన్నాడు. అదే రాసి పంపింది.

దాంతో పని మళ్లీ మొదలైంది. సీసాలో దొరికే శుద్ధమైన పొటాషియంతో చేస్తే మైనస్ వస్తోంది గానీ బలం లేదు. కొబ్బరినీళ్లతో చేస్తేనే గట్టిగా వస్తోంది. ఆ నీళ్లలో ఇంకేదో ఉంది, అదేమిటో తెలియదు. అక్షయ ఒక పొద్దున ఏమీ అనకుండా వచ్చి ఏప్రాన్ కట్టుకుంది. పాత థీసిస్ పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టింది. కొబ్బరికాయలు కావాలని మార్త కాలేజీ పర్చేజ్ కమిటీకి రాస్తే, ఇది పూజా సామగ్రి కిందికి వస్తుంది, ల్యాబు ఖర్చు కింద కుదరదని తిప్పి పంపారు. నెత్తి కొట్టుకుని తనే బజార్లో కొనుక్కోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ జనరేటర్ గది పక్కన రోజూ పొద్దున్నే కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినిపిస్తుంది. కొట్టేది మార్త. పూజ వద్దన్న ఒక్క మాట చెప్పలేక ఏళ్ల తరబడి నలిగిన మనిషే, చీర కొంగు బొడ్లో దోపుకుని, ల్యాబు గుమ్మం ముందు రాయి మీద కొడుతుంది. నీళ్లు వడగట్టి, కొలిచి, బోటులో వేస్తుంది. మేడం మతం మారిందని స్టాఫ్ రూములో కొత్త మాట పుట్టింది. ఆమె దాన్ని సరిదిద్దలేదు. స్టెల్లా కంగారుగా ఫోన్ చేసి, రోజూ కాయ కొడుతున్నావంటగా అక్కా అని అడిగితే, అవునంది.

హరిబాబు మాత్రం ఆమె కాయ కొట్టేటప్పుడు గుమ్మం అవతల చెప్పులు విప్పి నిలబడతాడు. ఇది పూజ కాదు హరిబాబూ అని ఆమె మొదట్లో విసుక్కుంది. తెలుసండీ అంటాడు, చెప్పులు మాత్రం వేసుకోడు. మొన్న చిప్పలోంచి ముక్క తీసి అతని చేతిలో పెట్టి, తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. బెల్లం లేదు గానీ, ఆటోనగర్ కొబ్బరి రుచే.

ఆ పూట మీటరు ప్లస్ చూపించింది. మార్త దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, రేపటి కాయకి పీచు తీసి పెట్టమని హరిబాబుకి చెప్పి, క్లాసుకి వెళ్లింది.